ముప్పయ్యో రోజు తర్వాత

ముప్పయ్యో రోజు మధ్యాహ్నం మా తమ్ముణ్ణి డీఅడిక్షన్ సెంటర్ నుంచి ఇంటికి తీసుకొచ్చాం. గుమ్మంలోనే నిలబెట్టి అమ్మ దిష్టి తీసింది. వాడు ఆరు కిలోలు పెరిగాడు. బుగ్గలు నిండాయి, కళ్ల కింద నలుపు పోయింది, పలకరిస్తే నవ్వుతున్నాడు. నాన్న పొద్దున్నే పోయి నాటుకోడి తెచ్చాడు. రాగి సంగటి, కోడి పులుసు పెడితే మూడు ముద్దలు తిన్నాడు. ఎదురింటి పిన్నమ్మ వచ్చి చూసి, "పొయ్యిన బిడ్డ తిరిగొచ్చినాడు మే" అంటూ అమ్మను పట్టుకుని ఏడ్చింది.

ఆ రోజు తీసిన ఫొటో నా ఫోన్లో ఇంకా ఉంది. చూసినప్పుడల్లా కోపం వస్తుంది, వాడి మీద కాదు. చికిత్స అయిపోయిందని ఆ రోజు ఇంటిల్లిపాదీ నమ్మాం. అది ఇంకా మొదలే కాలేదని మాకు చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.

ఈ మధ్య తిరుపతి నుంచీ, చిత్తూరు నుంచీ తెలిసినవాళ్ల ద్వారా నా నంబరు తీసుకుని కొందరు తల్లిదండ్రులు ఫోన్ చేస్తున్నారు. అందరూ గొంతు తగ్గించి అడిగేది ఒకటే: "డీటాక్స్‌కి ఎన్ని రోజులు పెడతారమ్మా, ఎంతవుతుంది?" రెండేళ్ల కిందట నేనూ సరిగ్గా అదే అడిగాను. అందుకే ఇది రాస్తున్నాను. ఐస్ అని పిలిచే మెథాంఫెటమైన్ అనే మత్తుమందు విషయంలో డీటాక్స్, అంటే ఒంట్లోంచి మత్తు దింపడం అన్నది, మొత్తం దారిలో అన్నిటికన్నా చిన్న ముక్క. మనం ఉన్న డబ్బూ, ఉన్న ఓపికా దానికే పోసేసి, అసలు కష్టం మొదలయ్యే నాటికి వట్టి చేతులతో మిగులుతున్నాం.

మా తమ్ముడు బీకాం అయ్యాక బెంగళూరు వెళ్లాడు. నైట్ షిఫ్ట్ ఉద్యోగం. రాత్రంతా ఫోన్లు మాట్లాడాలి, పగలు రూములో ఆరుగురి మధ్య నిద్రపోవాలి. ఆరుగురిలో ఒకడు "ఇది తీసుకుంటే నిద్రే రాదు, టార్గెట్ అయిపోతుంది" అని ఇచ్చాడట. పటికబెల్లం పలుకుల్లా ఉంటుంది. ఫాయిల్ మీద వేసి, కింద లైటర్ పెట్టి, లేచిన పొగ పీలుస్తారు.

దీని పుట్టుక గురించి తర్వాత చదివాను. 1893లో జపాన్‌లో నగాయి నగయోషి అనే రసాయన శాస్త్రవేత్త ఎఫెడ్రిన్ అనే మందు నుంచి దీన్ని మొదటిసారి తయారుచేశాడు. 1938 నుంచి జర్మనీలో పెర్విటిన్ పేరుతో మాత్రలుగా అమ్మారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులు నిద్రపోకుండా ఉండాలని ఆ మాత్రలే పంచారు. నిద్ర చంపడానికి సైన్యం వాడిన మందు, అదే పని కోసం మా ఇంటి పిల్లాడి చేతికి వచ్చింది. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తిరుమల కొండ కింద ఊరు, ఇక్కడికి ఇట్లాంటివి రావు అనుకునేవాళ్లం. 2024 నవంబరులో అండమాన్ దగ్గర కోస్ట్ గార్డ్ వాళ్లు మయన్మార్ మనుషులున్న ఒక చేపల పడవలో సుమారు 5,500 కిలోల మెథాంఫెటమైన్ పట్టుకున్నారు. ఒక్క పడవలో అంత. మన నుంచి చెన్నై మూడు గంటల ప్రయాణం, బెంగళూరు ఐదారు గంటలు. ఏ పండక్కి ఏ బస్సులో ఎవరి బ్యాగులో వస్తుందో ఎవరికి తెలుసు?

మా ఇంటికి ఉగాదికి వచ్చింది. రాత్రి మూడింటప్పుడు నీళ్లకని లేచాను. హాల్లో జీరో బల్బు వెలుగులో తమ్ముడు నేల మీద కూర్చుని ఉన్నాడు. ముందర టేబుల్ ఫ్యాను మొత్తం విప్పేసి ఉంది. పాత పేపరు పరిచి, దాని మీద స్క్రూలన్నీ చిన్నది మొదలు పెద్దది దాకా వరసగా పేర్చాడు. వేలు పెట్టి కొలిచినట్టు మధ్యలో సమానంగా జాగా. చేతిలో ఒక వాషరు. బనియన్ అంచుతో దాన్నే తుడుస్తున్నాడు. పళ్లు పటపట నూరుతున్నాడు. మెడ మీద చెమట.

"ఏం చేస్తన్నావురా ఈ టయానికి?"

"సౌండొస్తా ఉండాది అక్కా. బాగుచేస్తా ఉండా."

తల ఎత్తలేదు. నేను నీళ్లు తాగి వెళ్లి పడుకున్నాను. ఇన్నాళ్లకు ఇంట్లో పని పట్టించుకున్నాడు అని కాస్త సంతోషపడ్డాను కూడా. ఐదింటికి లేచి చూస్తే అదే వాషరు, అదే బనియన్ అంచు. మర్నాడు మిక్సీ విప్పాడు. ఆ తర్వాతి రోజు మేడ మీద నీళ్ల ట్యాంకులో ఎవరో కూర్చుని తన మాటలు వింటున్నారని, కిటికీలకు పేపర్లు అంటించాడు. చర్మం కింద పురుగులు పాకుతున్నాయని చేతులు గోక్కుని రక్తాలు కారించుకున్నాడు. ఒకే పనిని గంటల తరబడి చేస్తూ ఉండడం, లేని మనుషులు ఉన్నట్టు అనిపించడం, పురుగులు పాకినట్టుండడం, ఇవన్నీ ఈ మత్తుకు తెలిసిన లక్షణాలేనని సైకియాట్రిస్ట్ చెప్పేసరికి ఆరు నెలలు గడిచిపోయాయి. అప్పటికి మాకు తెలిసిన మాట ఒకటే. పిన్నమ్మ అన్న మాట: "గాలి సోకింది, ఎవురికన్నా చూపించండి."

తర్వాత తెచ్చుకున్న సరుకు అయిపోయింది. వాడు పడుకున్నాడు. మామూలు నిద్ర కాదది. మూడు రోజులు. మధ్యలో లేచి, కళ్లు మూతలు పడుతుండగానే పది ఇడ్లీలు తిని, మళ్లీ పడిపోయేవాడు. అమ్మ గంటకోసారి వెళ్లి వాడి ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూసేది. రాత్రుళ్లు కూడా. "లేపొద్దు మే, నిద్రపోనీ" అని నాతో అంటూనే, వేలు మాత్రం తీసేది కాదు.

నాలుగో రోజు సెంటర్లో చేర్చాం. "డీటాక్స్ చేసి రక్తం శుభ్రం చేస్తాం, 30 రోజుల ప్యాకేజీ" అన్నారు. నాన్న రిటైరైన ఆర్టీసీ డ్రైవరు. బ్యాంకులో వేసుకున్న దాంట్లోంచి 45 వేలు తీసి కట్టాడు.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మా 45 వేలూ ఈ తెలియనితనానికే పోయాయి. మనకు మత్తు మాన్పించడం అంటే తెలిసింది సారాయి మాన్పించడమే. 2019లో విడుదలైన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం దేశంలో మద్యం తాగేవాళ్లు 14.6 శాతం. మెథాంఫెటమైన్ లాంటి ఉత్తేజకాలు వాడేవాళ్లు 0.18 శాతం. కాబట్టి సెంటర్లు, వార్డులు, కుటుంబాల అనుభవం, అన్నీ మద్యం చుట్టూనే పెరిగాయి. మద్యానికి డీటాక్స్ నిజంగా ప్రాణం మీది పని. రోజూ బాగా తాగేవాడు ఉన్నట్టుండి మానేస్తే వణుకు, ఫిట్స్, రెండు మూడు రోజులకు మతి తప్పడం. సరైన మందులు పడకపోతే మనిషి చనిపోవచ్చు. అందుకు మందులున్నాయి, పద్ధతి ఉంది, రోజుల లెక్క ఉంది. హెరాయిన్ లాంటి వాటికి బ్యూప్రినార్ఫిన్, మెథడోన్ అనే మందులు ఉన్నాయి.

ఐస్‌కి అలాంటి మందు లేదు. దీని అలవాటు మాన్పించడానికని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఈ రోజుకీ ఒక్క మందుకు కూడా ఆమోదం ఇవ్వలేదు. సెలైన్ ఎక్కించి కడిగేయడానికి రక్తంలో కూర్చుని ఉండేది కాదు ఇది. తీసుకున్నదాంట్లో సగం సుమారు పది పన్నెండు గంటల్లో తగ్గిపోతుంది. రెండు నుంచి నాలుగు రోజుల్లో మూత్ర పరీక్షలో కూడా కనపడదు. అంటే మేం డబ్బు కట్టిన నాటికే మా వాడి ఒంట్లోంచి అది దాదాపు వెళ్లిపోయింది. డీటాక్స్ మా ఇంట్లో, అమ్మ వేలి కింద, పాత బొంత మీద జరిగిపోయింది.

మరి మొదటి వారంలో డాక్టర్లు చేసేదేమిటి? నిద్రపోనిస్తారు, తినిపిస్తారు, నీళ్లు తాగిస్తారు. విపరీతమైన ఆందోళన, భ్రమలు ఉంటే వాటికి మందులిస్తారు. బీపీ, గుండె, జ్వరం చూస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, మనిషి తనను తాను ఏమీ చేసుకోకుండా కనిపెట్టి ఉంటారు. మత్తు దిగేటప్పుడు వచ్చే దిగులు సాధారణమైన దిగులు కాదు. ఈ పనులు చిన్నవని నేను అనడం లేదు. భ్రమలు ముదిరితే, చచ్చిపోతానని అంటుంటే, ఛాతీలో నొప్పి వస్తే, ఒళ్లు కాలిపోతుంటే ఒక్క గంట కూడా ఇంట్లో ఉంచకూడదు. అప్పుడు వెళ్లాల్సింది క్యాజువాలిటీ ఉన్న ఆస్పత్రికి, ఊరి బయట గేటుకు తాళం వేసిన ఇంటికి కాదు.

మేం చేర్చింది అలాంటి ఇల్లే. పేరు రాయను. పదిహేను రోజులు ఫోన్ లేదు, చూడనివ్వలేదు. డాక్టర్ వారానికోసారి వస్తారన్నారు, ఎవరో మాకు తెలియదు. మొదటి రెండు రాత్రులు గొడవ చేశాడని మంచానికి కట్టేశారని వాడు చాలా రోజుల తర్వాత చెప్పాడు. చెప్పేటప్పుడు మణికట్టు తడుముకున్నాడు.

అప్పుడు మాకు తెలియనిది ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు అలవాటు వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యం కిందే లెక్కిస్తుంది. ఆ చట్టం ప్రకారం ఎవరినీ ఏ రూపంలోనూ గొలుసులతో బంధించకూడదు. మనిషి నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉంటే ఇంటివాళ్ల దరఖాస్తు మీద చేర్చుకోవచ్చు గానీ, దానికి ఒక సైకియాట్రిస్టు, ఆయనతో పాటు ఇంకొకరు, విడివిడిగా పరీక్షించాలి. మొదటి గడువు 30 రోజులకు మించకూడదు. బయటివాళ్లతో మాట్లాడే హక్కు, తన వైద్య రికార్డులు తీసుకునే హక్కు రోగికి ఉన్నాయి. చేర్చే ముందు రిజిస్ట్రేషన్ కాగితం చూపించమని అడగండి. సైకియాట్రిస్ట్ పేరు అడగండి. డిశ్చార్జ్ అయిన మరుసటి వారం ఎవరు చూస్తారో తప్పకుండా అడగండి. దానికి జవాబు లేని చోట మిగతావి అడగక్కర్లేదు. మాకిచ్చిన ఫైల్లో చివరి పేజీలో ఒకటే వాక్యం ఉంది, ఆరోగ్యం నిలకడగా ఉందని. మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ లేదు.

ఇప్పుడు ఆ ఫొటో దగ్గరికి వస్తాను.

అమెరికాలోని లాస్ ఏంజలెస్‌లో 1980లలో ఇలాంటి ఉత్తేజకాలకు అలవాటుపడిన వాళ్ల కోసం మ్యాట్రిక్స్ మోడల్ అనే చికిత్స పద్ధతిని తయారుచేశారు. మానేసిన మనిషి ఏయే దశలు దాటుతాడో అందులో చెప్పారు. మొదటి 15 రోజులు మత్తు దిగే దశ. ఆ తర్వాత దాదాపు 45వ రోజు దాకా మనిషి వెలిగిపోతుంటాడు. ఆకలి, నిద్ర, హుషారు, ఇక జన్మలో ముట్టనన్న ధైర్యం. దానికి హనీమూన్ అని పేరు పెట్టారు. సుమారు 45వ రోజు నుంచి 120వ రోజు దాకా వచ్చేదాన్ని గోడ అన్నారు. ఏదీ రుచించదు. ఒళ్లు బరువు. సంతోషం అనేది ఎలా ఉండేదో గుర్తుకురాదు. ఎక్కువమంది మళ్లీ జారేది అక్కడే.

అలిపిరి మెట్లెక్కినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. గాలిగోపురం దాకా గుండెలు అదిరే ఎక్కుడు. అక్కడ కూలబడి, నిమ్మకాయ సోడా తాగి, గండం గడిచింది అనుకుంటాం. దాని తర్వాత జింకల పార్కు పక్కన చదునైన దారి, చల్లటి గాలి, పిల్లలు ముందుకు పరుగులు తీస్తుంటారు. ఇంకేముంది, వచ్చేసినట్టే అనిపిస్తుంది. మోకాళ్ల పర్వతం వచ్చేది ఆ తర్వాత. కొత్తగా నడిచేవాడికి ముందే చెప్పకపోతే అక్కడ ప్రాణం ఉసూరుమంటుంది.

30 రోజుల ప్యాకేజీ అంటే సరిగ్గా జింకల పార్కు దగ్గర మనిషిని వదిలేసి, కొండెక్కేశావు పో అనడం. బుగ్గలు నిండిన ముఖం చూసి మేం దిష్టి తీశాం. ఆ ముఖం చికిత్స ఫలితం కాదు, దారిలో వచ్చే ఒక చదును. అది చూపించి డబ్బు తీసుకోవడం ఏ సెంటర్‌కైనా తేలిక, ఎందుకంటే గోడ వచ్చేసరికి మనిషి వాళ్ల దగ్గర ఉండడు, మన దగ్గర ఉంటాడు.

మా వాడికి యాభై రోజుల తర్వాత మొదలైంది. స్నానం మానేశాడు. మంచం మీద గోడకు తిరిగి పడుకునేవాడు. ఒకరోజు కంచం ముందు కూర్చుని, "అన్నం తింటా ఉంటే అట్టముక్క నమిల్నట్టుండాది అక్కా" అన్నాడు. నేను ఉప్పు తక్కువైందేమో అనుకున్నాను. నాన్న, "ఇంత ఖర్చు పెట్టినాం, లేసి పని చూస్కోడానికి ఏం రోగం?" అని అరిచాడు. రోగమే అని మాకు తెలియదు. ఆకలికి అన్నం తిన్నా, అమ్మ మెచ్చుకున్నా, జీతం పడినా మెదడులో డోపమైన్ అనే రసాయనం కాస్త ఊరుతుంది, ఆ కాస్తే మనకు సంతోషం. ఐస్ చెరువు తూము ఎత్తేసినట్టు దాన్ని ఒక్కసారిగా పారిస్తుంది. ఏళ్లకేళ్లు అలా పారించాక చెరువులో బురదే మిగులుతుంది. నోరా వోల్కో అనే శాస్త్రవేత్త బృందం 2001లో ప్రచురించిన అధ్యయనంలో, మానేసిన కొద్దిమంది మెదళ్లను 12 నుంచి 17 నెలల తర్వాత మళ్లీ స్కాన్ చేశారు. దెబ్బతిన్న డోపమైన్ వ్యవస్థలో మంచి మెరుగుదల కనిపించింది. చిన్న అధ్యయనమే. కానీ నాకు అది రెండు విషయాలు చెప్పింది: చెరువు మళ్లీ నిండుతుంది, నిండడానికి ఏడాది పైనే పడుతుంది. ఆ ఏడాదిని 30 రోజులుగా కుదించి అమ్మడమే నాకున్న ఫిర్యాదు.

61వ రోజు వాడు చెప్పకుండా బెంగళూరు బస్సెక్కాడు.

వారానికి తిరిగొచ్చాక ఇంట్లో జరిగిన మాటలు ఇక్కడ రాయలేను. బంధువుల్లో ఒక పెద్దాయన, "వాడికి సిగ్గులేదు, మీకు బుద్ధిలేదు, ఇంకో నలభై వేలు తగలెయ్యండి" అన్నాడు. ఆయన మాటలో ఒక నిజం ఉంది, అదే ప్యాకేజీ మళ్లీ కడితే అదే జరుగుతుంది. సిగ్గు సంగతి మాత్రం ఆయన తప్పు. సిగ్గు మా వాడికి ఎంత ఉందంటే, ఆ రాత్రి మేడ మీది నుంచి వాణ్ణి కిందికి దింపడానికి నాన్నకూ నాకూ తెల్లారిపోయింది. మీ ఇంట్లో అలాంటి రాత్రి వస్తే ఒంటరిగా మోయకండి. 14416 మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్, 14446 మత్తు విముక్తి హెల్ప్‌లైన్, రెండూ ఉచితమే.

రెండోసారి మేం చేర్చలేదు. ప్రభుత్వ ఆస్పత్రి సైకియాట్రీ ఓపీలో చీటీ రాయించుకుని లైన్లో నిల్చున్నాం. పోలీసులకు చెబుతారేమోనని నాన్న టెన్షన్ పడ్డాడు. మత్తుమందుల కేసులు పెట్టే ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. వాడకం కేసులో గానీ, చిన్న మొత్తం కేసులో గానీ ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ ఆస్పత్రిలోనో, గుర్తింపు ఉన్న సంస్థలోనో చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. మెథాంఫెటమైన్‌కి చిన్న మొత్తం అంటే 2 గ్రాములు. పోలీసుల భయంతోనే ఎంతోమంది ఇళ్లల్లో తలుపులేసుకుని కూర్చున్నారు.

కౌన్సెలర్ ఒక చిన్న వయసు అమ్మాయి. ఆమె మొదట అడిగింది వాణ్ణి కాదు, అమ్మను. "ఇంట్లో సిల్వర్ ఫాయిల్ వాడతారా?" అని. అప్పుడు నాకు గుర్తొచ్చింది. అమ్మ నా లంచ్ కోసం చపాతీలు ఫాయిల్లో చుడుతుంటే, ఆ చరచర శబ్దానికి వాడు టిఫిన్ మధ్యలో లేచి వెళ్లిపోయిన రోజు. పొగరనుకున్నాం. ఆ సాయంత్రమే అమ్మ ఫాయిల్ చుట్ట పారేసింది. ఇప్పటికీ నా చపాతీలు అరిటాకులోనే వస్తాయి. బెంగళూరులోని మానసిక వైద్య ఆస్పత్రి నిమ్హాన్స్‌కు తీసుకెళ్దామని నేనంటే వాడే వద్దన్నాడు: "ఆ బస్సెక్కితేనే నాకు చేతులొణుకుతాయి అక్కా." అదీ నిజమే. చిత్తూరు వైపువాళ్లు వేలూరు సీఎంసీ వాళ్ల బాగాయం మానసిక ఆస్పత్రికి వెళ్తారు, అది దగ్గర. కానీ వారానికి రెండుసార్లు, నెలల తరబడి వెళ్లాలంటే ఎంత మంచి ఆస్పత్రైనా సొంత ఊళ్లో ఉంటేనే కుదురుతుంది.

కౌన్సెలర్ చెప్పిన రెండో మాటకు నాన్న ఒప్పుకోలేదు. మూత్ర పరీక్షలో మత్తు కనపడని ప్రతిసారీ చిన్న బహుమానం ఇవ్వాలి, వరసగా బాగుంటే కాస్త పెంచుకుంటూ పోవాలి, కనపడితే తిట్టకుండా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. "తప్పు చేయనందుకు నేను డబ్బులియ్యాల్నా? మిగతా పిల్లోళ్లు ఊరికే బుద్ధిగా ఉండటంలా?" అన్నాడు. ఎవరైనా అనే మాటే అది. కానీ దీనికి వెనక ముప్పై ఏళ్లకు పైబడిన పరిశోధన ఉంది, కొకైన్ అలవాటు మీద స్టీఫెన్ హిగ్గిన్స్ మొదలుపెట్టిన దగ్గర్నుంచి. ఈ రకం మత్తుకు ఇప్పటిదాకా తెలిసినవాటిలో బాగా పనిచేసేది ఇదే. మందుల సంగతి చూడండి: 2021లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో నాల్ట్రెక్సోన్ ఇంజెక్షన్, బ్యూప్రోపియాన్ మాత్రలు కలిపి ఇస్తే 13.6 శాతం మందిలో ఫలితం కనపడింది, ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్లలో 2.5 శాతం. అది మంచి వార్తగా వచ్చింది. నూటికి పద్నాలుగు మంది కూడా కాదు. రేపటి సంతోషం దేన్నీ నమ్మలేని మెదడుకు ఈ రోజు, ఇప్పుడు, చేతికందే చిన్నది ఒకటి కావాలి. ఇది లంచం కాదు. కాలు విరిగినవాడికి కర్ర లాంటిది.

నాన్న చివరికి ఒప్పుకున్నాడు. బీరువాలోంచి తన పాత డైరీ తీశాడు. సర్వీసులో ఉన్నప్పుడు ట్రిప్పులు రాసుకున్నట్టే గీతలు గీసి, తేదీ, పరీక్ష, మొత్తం అని మూడు గడులు చేశాడు. మొదటిసారి 50 రూపాయలు. వాడు ఆ నోటు తీసుకుని ఏమీ మాట్లాడలేదు. ఎనిమిదో వారంలో ఒక పరీక్షలో మత్తు కనపడింది. నాన్న డైరీలో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, కింద మళ్లీ 50 నుంచి మొదలుపెట్టాడు. ఆ పూట ఆయన నోటి నుంచి ఒక్క మాట రాలేదు. ఇరవై ఎనిమిదేళ్లు బస్సు నడిపిన మనిషి కాబట్టి, ఒక్కసారి బ్రేక్‌డౌన్ అయిందని బండిని తుక్కుకు వేయరని ఆయనకు తెలుసేమో.

ఇంట్లో తల్లిదండ్రులు ఇదంతా మోయలేని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. బంగారం పోయినవాళ్లు, దెబ్బలు తిన్నవాళ్లు. కొన్నాళ్లు బయట ఉంచితే తప్ప ఊపిరాడని ఇళ్లు. వాళ్లను నేను తప్పుపట్టను, మంచి చోట చేర్చడం వాళ్లకు అవసరం. నేననేది ఒకటే, చేర్చేటప్పుడే బయటికొచ్చాక ఏడాది సంగతి మాట్లాడుకోండి. 45 వేలు ఉంటే అంతా మొదటి నెలకే పోయకండి. ఆ డబ్బుతో ఎన్ని పరీక్షలు, ఎన్ని ఆటో చార్జీలు, నాన్న డైరీలో ఎన్ని గడులు నిండేవో నేను లెక్కేసుకున్నాను.

ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా ఇదే. మన రాష్ట్రంలో 2024 నవంబరులో ఈగల్ అనే ప్రత్యేక విభాగం పెట్టారు, 1972 నంబరుకి ఫోన్ చేసి మత్తు సరఫరా గురించి చెప్పొచ్చు. మంచిదే. సరుకు పట్టుకున్న ఫొటో మర్నాడు పేపర్లో వస్తుంది. 70వ రోజు మంచం మీద గోడకు తిరిగి పడుకున్న పిల్లాడి దగ్గరికి ఎవరు వస్తారు? అదే ఎయిమ్స్ సర్వే లెక్కల్లో, మాదకద్రవ్యాలకు బానిసైన ప్రతి 20 మందిలో ఆస్పత్రిలో చేరి చికిత్స పొందినవాడు ఒక్కడే. చేరాక బయటికొచ్చినవాళ్లను తర్వాత ఎవరైనా పలకరించారా అన్నది ఇంకా ముందు అడగాల్సిన ప్రశ్న. మా వాడు ఇప్పుడు మామ మోటారు రివైండింగ్ షాపులో పనిచేస్తున్నాడు. ఓపీ పొద్దున పూట. వారానికి రెండు పొద్దులు పని మానుకుంటే ఏ యజమాని ఊరుకుంటాడు? మామ కాబట్టి ఊరుకున్నాడు. తిరుపతిలో ఒకటి, చిత్తూరులో ఒకటి, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా తెరిచి ఉండే ఓపీ కావాలి. రాని వాడికి మర్నాడు ఫోన్ చేసి "ఏం నాయనా, రాలేదే?" అని అడిగే మనిషి ఒకరు కావాలి. కొత్త భవనం అక్కర్లేదు, కుర్చీ, ఫోను, జీతం ఉంటే చాలు.

పద్నాలుగు నెలలయింది. డైరీలో రెండు ఎర్ర సున్నాలున్నాయి, రెండోది మొన్న మామిడికాయల సీజన్లోది. మూడోది ఉండదని నేను ఎవరికీ మాటివ్వలేను. అన్నం మాత్రం ఇప్పుడు అట్టముక్కలా లేదట. పోయిన నెల పులుసులో ఉప్పు తక్కువైందని వాడు అమ్మ మీద విసుక్కుంటే, అమ్మ లోపలికెళ్లి కళ్లు తుడుచుకుని ఉప్పు తెచ్చింది.

అమ్మ ఇప్పటికీ రాత్రి ఒకసారి లేచి వాడి ముక్కు కింద వేలు పెడుతుంది. వాడు గాఢనిద్రలో ఉంటాడని ఆమె అనుకుంటుంది. మొన్న షాపు నుంచి బండి మీద వస్తూ వాడే నాతో చెప్పాడు.

"నేను మేలుకోనే ఉంటా అక్కా. కదలకుండా పడుకుంటా, అంతే. ఆయమ్మ చూసుకోని పోనీ."